చుక్కల చీటి



నేను ముప్పదేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, కొలువు చాలించి, మా కె.కోటపాడులో కాలము గడపుచున్నవాడను. చిన్ననాట అమరమును శబ్దమంజరియు వల్లించితినే కాని విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను కాను. అట్టివాడు ఫ్రిజ్జులను గూర్చియు ఫ్యానులను గూర్చియు మాటలాడుట మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. అయినను నెలనెలా కరెంటు బిల్లు కట్టుటకు శాస్త్రపాండిత్య మక్కఱలేదు. ఆ బిల్లే నన్నీ విషయమునకు శిష్యుని జేసినది.

మా కోటపాడు చోడవరమునకు చేరువనున్న మండల కేంద్రము. 2022 ఏప్రిలు వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ నెలలో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇప్పుడున్నది. మా ప్రాంతమున చెఱకు పండించువారు, బెల్లము వండువారు పెక్కండ్రు. బెల్లము వండు రైతు నడిగి చూడుడు. ఏ పొయ్యి యెంత పిప్పిని మ్రింగునో అతడు చెప్పగలడు. ఒకే కొలత రసమునకు ఒక పొయ్యి రెండు మోపుల పిప్పితో సరిపెట్టుకొనును. మఱియొకటి మూడు మోపులు తిని, ఇంకను చాలదని నోరు తెఱచును. రైతు దానిని కంటితో జూచును. కావున మఱుసటి యేడు ఆ పొయ్యి కట్టినవానిని పిలువడు. కరెంటు విషయమున మన కీ సౌలభ్యము లేదు. రెండు ఫ్యానులు ప్రక్కప్రక్కన దిరుగుచుండును. రెండును గాలి నిచ్చును. ఏది యెంత మ్రింగుచున్నదో మన కంటికి గనబడదు, చెవికి వినబడదు. మీటరు చెప్పునందుమా, అది ఇంటిలోని సమస్తవస్తువుల తిండిని ఒకే మూటగా గట్టి చెప్పునే కాని, ఈ ముద్ద దీనిది, ఆ ముద్ద దానిదని విడదీసి చెప్పదు.

ఈ చిక్కును దీర్చుటకే దొరతనమువారు వస్తువులకు చీటి యంటించు పద్ధతిని దెచ్చిరి. మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము పుట్టినది. 2002 మార్చి 1వ తేదీన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ యను సంస్థ యేర్పడినది. ఆ సంస్థ 2006 మే నెలలో చుక్కల చీటిని ప్రవేశపెట్టినది. మొదట ఇష్టమున్న కంపెనీలే అంటించుకొనెడివి. 2010 జనవరి 7వ తేదీనుండి మంచు గట్టని పెద్ద ఫ్రిజ్జులకును, ఏసీలకును, గొట్టపు దీపములకును తప్పనిసరి యయ్యెను. ఇంటింట నుండు పైకప్పు ఫ్యానుకు మాత్రము 2023 జనవరి 1వ తేదీ వఱకు ఆ నిర్బంధము పట్టలేదు. ధనికుల యింటి వస్తువునకు ముందును, పేదవాని నెత్తిపై దిరుగు వస్తువునకు పదుమూడేండ్ల వెనుకను చీటి రావలసి వచ్చెనేమా యని నాకు నేటికిని అనిపించును.

ఆ చీటిపై నుండు నర్ధవలయములో ఒకటి మొదలు ఐదు వఱకు చుక్కలుండును. చుక్కలు హెచ్చినకొలది కరెంటు తిండి తక్కువ. దాని క్రింద ఫ్రిజ్జయినచో ఏటి కెన్ని యూనిట్లు కాలునో ఒక సంఖ్య యుండును. కంపెనీ పేరు, వస్తువు రకము, పరిమాణము, చీటి యే కాలమునకు జెల్లునో ఆ సంవత్సరములు నుండును. ఇవన్నియు చిన్న యక్షరములలో, ఇంగ్లీషున నుండును. మావంటి పల్లెలలో చుక్కలను మాత్రము అందఱును లెక్కపెట్టగలరు. కావున జనులు చుక్కలను జూతురు, సంఖ్యను జూడరు. చెప్పదలచిన మాట యంతయు నిచ్చటనే యున్నది. దానికి ముందు నా తెలివితక్కువ పని యొకటి విన్నవింపవలెను.

2011 వేసవిలో మా రెండవ యమ్మాయి పెండ్లి జరిగినది. సారెలో ఫ్రిజ్జు పంపవలెనని ఇంటిలో నిశ్చయించిరి. పట్టణములో ఒక యంగడికి బోయితిమి. అచ్చట రెండు తలుపుల యెఱ్ఱని పెద్ద ఫ్రిజ్జొకటి మా కన్నుల బడినది. దానిపై ఒకే చుక్క. ప్రక్కన నాలుగు చుక్కలదియు నుండెను గాని రంగు వెలవెలబోవునది. వెలయా మూడు వేలు హెచ్చు. మా బావమఱిది, “బిల్లు కట్టేది అల్లుడుగారు గదా, బావా! మనకు కావలసింది నలుగురూ చూసి బాగుందనడం” అనెను. నేను నవ్వి, సరే యంటిని. చుక్కల మాట యంతటితో సరి. ఎఱ్ఱ ఫ్రిజ్జు పూలదండతో వ్యానెక్కి వీధులన్నియు దిరిగి, చూచినవారందఱిచేతను మెప్పు పొంది, గాజువాకలో వారి యద్దె యింటికి జేరినది.

మఱు మూడేండ్లకు వేసవి సెలవులలో నేనా యింటికి బోయి నాలుగు దినములుంటిని. రాత్రి పది గంటలకు మా యమ్మాయి లేచి ఫ్రిజ్జు స్విచ్చి తీసివేయుట చూచితిని. ఉదయము లేచి మరల వేసినది. రెండవనాడును అంతే. మూడవనాడు పాలు విఱిగినవి. “ఎందుకమ్మా యిట్లు?” అని యడిగితిని. ముందు మాట దాటవేసినది. గ్రుచ్చి యడుగగా, “నాన్నగారూ, ఇల్లుగలవారు యూనిట్టుకు ఎనిమిది రూపాయల చొప్పున తీసుకుంటారు. ఫ్రిజ్జు వల్లే ఎక్కువవుతోందని ఆయన అంటారు. మీరిచ్చింది గదా, ఏమనను?” అన్నది. నేను లేచి వెళ్లి ఫ్రిజ్జు తలుపును జూచితిని. మన యిండ్లలో ఆ చీటిని ఎవ్వరును ఊడబీకరు. అది క్రొత్తదనమునకు గుర్తు. అచ్చటనే యున్నది. ఏటికి యూనిట్లని యున్నచోట ఐదు వందలకు మించిన సంఖ్య. మూడేండ్లుగా ఆ పిల్ల కండ్ల యెదుట నుండెను. సారె పంపిన నాడు నా కండ్ల యెదుటను నుండెను. మూడు వేలు మిగిలినవని నేను సంతసించిన బేరమునకు, నా బిడ్డ విఱిగిన పాలతో వెల చెల్లించుచుండెను.

ఈ మాట చెప్పుటలో నా యుద్దేశము ఒకటి. చీటి యెవరికొఱకు పుట్టినదో వారే వస్తువును గొనునప్పుడు అది పనిచేయును. కొనువా డొకడు, బిల్లు కట్టువాడు వేఱొకడు నయినచో దానిని జూచు దిక్కుండదు. సారెలోనిదే కాదు, అద్దె యిండ్లలోనిదియు నిదే కథ. ఇల్లుగలవాడు వెల తక్కువ ఫ్యానులు బిగించును. అద్దెకున్నవాడు వాని తిండిఖర్చు మోయును. మా పొలములలోని మోటార్ల సంగతియు నిట్టిదే. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. అది రైతునకు జేసిన మేలును నేను కాదనను. ఆ కాలపు రైతుల కష్టము నెఱిగినవాడను. అయినను నాటినుండి బోరు మోటారు కొనునపుడు, ఎంత నీరు తోడును, ఎన్నాళ్లు కాలక నిలుచును అని యడుగువారే కాని, ఎంత కరెంటు మ్రింగునని యడిగినవానిని నేను జూడలేదు. మోటార్లకును చుక్కల చీటి యున్నదని మా గ్రామమున చెప్పినచో, “ఊరక వచ్చినదానికి చుక్కలెందుకు మాస్టారూ?” అందురు. ఆ ప్రశ్నకు నా యొద్ద సులభమైన సమాధానము లేదు.

ఇక సంఖ్యల సంగతి. వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్టు. పాత పద్ధతి ఫ్యాను 75 వాట్లది. ఇప్పుడు బి.ఎల్.డి.సి. యను క్రొత్త మోటారుతో వచ్చు ఐదు చుక్కల ఫ్యానులు ఇంచుమించు 30 వాట్లతోనే అంత గాలిని ఇచ్చును. దినమునకు పండ్రెండు గంటల చొప్పున ఏటికి మూడు వందల దినములు తిరిగిన దనుకొందము. మూడు వేల ఆఱు వందల గంటలు. పాతది 270 యూనిట్లు తినును, క్రొత్తది 108. మిగులు 162 యూనిట్లు. ఇంటిలో అట్టివి రెండు తిరిగినచో 324. అనగా నెలకు 27 యూనిట్లు.

ఈ 27 యూనిట్ల వెల యెంత? ఇచ్చట చాలమంది పొరబడుదురు. మొత్తము బిల్లును యూనిట్లతో భాగించి సగటు చూచుకొందురు. అది తప్పు. మన రాష్ట్రమున 2022లో నిర్ణయించిన పట్టికను జూడుడు. ఇంటి వాడకమునకు మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి రూపాయి తొంబది పైసలు. అటుపై 75 వఱకు మూడు రూపాయలు. 125 వఱకు నాలుగున్నర. 225 వఱకు ఆఱు. 400 వఱకు ఎనిమిది రూపాయల డెబ్బదియైదు పైసలు. ఇది మెట్లవలె నున్నది. మనము మిగిల్చిన యూనిట్టు ఎప్పుడును పైమెట్టునుండియే దిగును, క్రింది మెట్టునుండి కాదు. నెలకు 150 యూనిట్లు కాల్చు నిల్లు 27 తగ్గించుకొన్నచో, అందు 25 ఆఱు రూపాయలవి, రెండు నాలుగున్నర రూపాయలవి. వెరసి 159 రూపాయలు. ఏటికి 1,900 పైచిలుకు. ఐదు చుక్కల ఫ్యాను మామూలు ఫ్యానుకంటె పదిహేను వందలు హెచ్చనుకొన్నను, రెండింటికి మూడు వేలు; పందొమ్మిది నెలలలో తిరిగి చేతికి వచ్చును. బడిలో వడ్డీ లెక్కలు చెప్పించుకొన్న వారికి ఇంతకంటె మంచి వడ్డీ యెచ్చట దొరకునో నాకు దెలియదు.

ఇంత మంచి బేరమైనను మా యూర ఫ్యాను కొనువారిలో చుక్కల నడుగువారు తక్కువ. ఫ్రిజ్జు కొనునపుడు మాత్రము అందఱును అడుగుదురు. ఏలయన ఫ్రిజ్జు పెద్ద వస్తువు, ఏటికో పదేండ్లకో కొనునది, పదిమంది చూచునది. ఫ్యాను చిన్నది, కాలిపోయిన నాడే చెమటలు గ్రక్కుచు బోయి దొరికినది తెచ్చుకొనునది. ఇందలి చమత్కార మేమనగా, ఫ్రిజ్జులో చుక్కల బేరము అంత లాభసాటి కాదు. 2023 ఏప్రిలులో మా యింటి పాత ఫ్రిజ్జు మూలబడినపుడు నేను సంఖ్యలు వ్రాసికొనివచ్చితిని. ఒంటి తలుపు చిన్న ఫ్రిజ్జులు రెండు. మూడు చుక్కలదానికిని ఐదు చుక్కలదానికిని ఏటికి తేడా సుమారు 45 యూనిట్లు. ఆఱు రూపాయల చొప్పున 270 రూపాయలు. వెలలో తేడా మూడు వేలు. తిరిగి వచ్చుటకు పదునొకండేండ్లు పట్టును. అప్పటికి నేనెచ్చటనుందునో, ఫ్రిజ్జెచ్చటనుండునో! మూడు చుక్కలదే తెచ్చితిని. మిగిలిన మూడు వేలతో ఐదు చుక్కల ఫ్యానొకటి కొని నడవలో బిగించితిని. అంగడివాడు నన్ను వింతగా జూచెను. మా గృహిణి కూడ, “ఐదు చుక్కలది తెస్తానని రెండు నెలలు ఊరించి మూడు చుక్కలది తెచ్చారేం?” అన్నది. లెక్క చూపితిని. వినలేదు. మే నెల బిల్లు వచ్చిన పిమ్మట వినినది.

ఇంకొక సంగతి. చుక్క యనునది తరగతిలో మార్కువంటిది. ఐదవ తరగతిలో మొదటివాడు, పదవ తరగతిలో మూడవవాడు, వీరిద్దఱిలో ఎవని కెక్కువ వచ్చునని మార్కులు చూచి చెప్పగలమా? అట్లే ఫ్రిజ్జు పరిమాణమును, రకమును బట్టి చుక్కలిత్తురు. చిన్న ఫ్రిజ్జులతో చిన్నదానికిని, పెద్దవానితో పెద్దదానికిని పోటి. కావున రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్జు మూడు చుక్కలతో నుండియు, రెండు చుక్కల చిన్నదానికంటె హెచ్చుగా కరెంటు తినవచ్చును. మొగుడు పెండ్లాలిద్దఱున్న యింటికి మూడు వందల లీటర్ల యైదు చుక్కలది తెచ్చి, పొదుపు చేసితిమని సంతసించువారిని నేనెఱుగుదును. చుక్కలు జూచుటకు ముందు, మనకెంత వస్తువు కావలయునో చూచుకొనుట మేలు. పిమ్మట ఒకే పరిమాణపు వానిలో చుక్కలు. అన్నిటికిని తుదితీర్పు క్రింది సంఖ్యది. ఏసీ చీటిపై సంఖ్యయయినచో ఏటికి 1,600 గంటలు వాడుదురను నూహతో వేసినది. వేసవిలో రెండు నెలలు, రాత్రివేళ మాత్రము వాడువారు అందు నాలుగవ వంతో మూడవ వంతో లెక్కించుకొనవలెను. అప్పుడు హెచ్చు వెల పెట్టి కొన్న చుక్కలు అంత తళతళలాడవు.

చీటిమీది సంవత్సరమును జూడుడని ముందే సూచించితిని. పరీక్ష అప్పుడప్పుడు కఠినమగుచుండును. ఏసీలకు 2022 జూలైలో పట్టిక మార్చగా, అంతకుముందు ఐదు చుక్కలున్నవి నాలుగునకు దిగినవి. వస్తువు మాఱలేదు, కొలబద్ద మాఱినది. ఒక యంగడిలో పాత చీటిగల సరకును క్రొత్తదానితో ప్రక్కనబెట్టి, రెండును ఐదు చుక్కలవే, ఇది రెండు వేలు తక్కువ యని నాకు జెప్పిరి. కన్నద్దములు సవరించుకొని చీటి చెల్లు కాలమును చదివితిని. అది దాటి యేడాది గడచినది. అమ్మువా డబద్ధమాడెనని అనను. అతడును చుక్కలే లెక్కపెట్టెను.

కొలబద్దను మార్చనిచో నేమగునో యూరోపు ఖండమువారు చూపిరి. అచ్చట 1992లో ఏ మొదలు జీ వఱకు అక్షరములతో చీటి పెట్టిరి. కొంతకాలమునకు మంచి వస్తువులు పెరిగి అన్నియు ఏ తరగతిలోనే కుప్పపడినవి. అప్పుడు కొలబద్దను జరుపక, ఏ ప్రక్కన కూడిక గుర్తు చేర్చిరి. అదియు చాలక రెండు, మూడు చేర్చిరి. తరగతి యంతయు మొదటి శ్రేణియే యయినచో ఆ మార్కుల కేమి విలువ? తుదకు 2021 మార్చి 1వ తేదీనుండి కొన్ని వస్తువులకు ఆ కూడిక గుర్తులను దుడిచివేసి మరల ఏ నుండి జీ వఱకు క్రొత్తగా మొదలుపెట్టిరి. మా బడులలో మార్కులు కుమ్మరించు నేటి పద్ధతి చూచినపుడు నాకీ సంగతి జ్ఞాపకము వచ్చుచుండును. అది వేఱు ప్రసంగము.

ఈ చీటిని నమ్మవచ్చునా యని మా మిత్రు డొకడు అడిగెను. బంగారమునకు గీటురాయి కంసాలి చేతనే యుండినట్లు, ఈ పరీక్షయు మొదట కంపెనీవారే గుర్తింపు పొందిన పరీక్షాలయములో జేయించి ఫలితమును బ్యూరోకు దెలుపుదురు. అయితే బ్యూరోవారు బజారునుండి వస్తువులను దెచ్చి మరల పరీక్షించు నేర్పాటు గలదు. తప్పు తేలినచో చర్య తీసికొను నధికారమున్నది. గీటురాయి యొక్కటే కాక, దానిపై మఱియొక గీటురాయి యున్నదన్నమాట. పూర్తిగా నమ్ముమని నేను జెప్పను. చీటి లేని వస్తువుకంటె చీటి యున్న వస్తువును గూర్చి మనకు దెలిసినది హెచ్చు, అంతమాత్రము చెప్పగలను.

చీటి లేకయు జనులు మాఱిన సందర్భ మొకటి కలదు. 2014-15 ప్రాంతమున పాత బల్బు తీసికొని పది రూపాయలకు ఎల్.ఇ.డి. బల్బు నిచ్చు పథకము మన రాష్ట్రమున సాగినది. అప్పుడు చీటి చదివినవా డెవడును లేడు. పది రూపాయలు, అంతకుముందు కంటె మంచి వెలుగు, పై నెలలో తగ్గిన బిల్లు. ఈ మూడును జూచి ఊరెల్ల మాఱినది. 60 వాట్ల గాజుబుడ్డి నేడు మా యంగళ్లలో దొరకుటే అరుదు. చీటి బుద్ధికి జెప్పును. వెల చేతికి జెప్పును. బుద్ధికంటె చేయి త్వరగా వినును.

1955లో మాచ్‌ఖండు జలపాతమునుండి కరెంటు మా ఉత్తరాంధ్ర కొండలు దిగివచ్చిన నాటి ముచ్చటలు మా తండ్రిగారు చెప్పెడివారు. అప్పుడు దీపము వెలిగినచో చాలునని మ్రొక్కిరట. నేడు మా జిల్లాలోనే పరవాడ కడ సింహాద్రి కేంద్రము 2,000 మెగావాట్ల శక్తితో బొగ్గు కాల్చుచున్నది. ఒక్క యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గు పట్టును. నేను ముందు చెప్పిన రెండు ఫ్యానుల మిగులు 324 యూనిట్లనగా, రెండు క్వింటాళ్లకు మించిన బొగ్గు. పిప్పి మోపులవలె అది మన పెరటిలో కుప్పబడి కనబడదు.

పోయిన మాఘమాసమున మా వీధిలోని రైతొకడు కూతురి సారెకు ఫ్రిజ్జు కొనబోవుచు నా యరుగు కడ ఆగెను. “మాస్టారూ, ఎన్ని సుక్కలది తెమ్మంటారు?” అనెను. “పిల్ల కాపుర మెక్కడ?” అని యడిగితిని. “మర్రిపాలెంలో, అద్దింట్లోనండి” అనెను. “ఇల్లుగలవారు యూనిట్టుకెంత తీసుకుంటారో అల్లుణ్ణి కనుక్కుని రా, అప్పుడు చెపుతా” నంటిని. అతడు నవ్వి, అల్లుని నట్టి మాట యడుగుట మర్యాద కాదేమో నని సందేహించెను. నేనును ఒక క్షణ మాలోచించితిని. పిమ్మట లోనికి బోయి కాగితము దెచ్చి, యూనిట్టుకు ఎనిమిది రూపాయలనియే వేసి, లెక్క కట్ట మొదలిడితిని.